మూలుగ ఇచ్చిన అన్న సాయంత్రానికి లేచి నడిచాడు

(మిర్యాలగూడ ప్రాంత విలేఖరి)

"మూలుగ తీస్తే నడుం పడిపోతదంట." "పిల్లలు గూడ పుట్టరంట." "యూరియా బస్తా కాదు గదా, నీళ్ల బిందె గూడ లేపలేడంట." నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వున్న ఒక గ్రామంలో 2024 ఆగస్టు నెల పొడుగునా రచ్చకట్ట మీద, టీ హోటలు దగ్గర నడిచిన మాటలివి. అన్నిటి చివరా 'అంట' వుంది. కళ్లారా చూసినవారు ఒక్కరూ లేరు. కాని ఆ 'అంట'ల మూలంగా ఒక ఆడపిల్ల ప్రాణం ఏడు వారాలపాటు గాలిలో దీపమైంది.

ఆ యింటివారి కోరికపై వారి పేర్లు, వూరి పేరు ఇవ్వడం లేదు. మూడెకరాల వరి రైతు. పెద్ద కూతురికి పెళ్లయి వెళ్లిపోయింది. కొడుకు వయసు 24, సొంత పొలం చూసుకుంటూ ట్రాక్టరు కిరాయికి నడుపుతాడు, అప్పటికి పెళ్లయి ఏడాది కాలేదు. చిన్న కూతురు 17 ఏళ్ల పిల్ల, ఇంటర్ రెండవ సంవత్సరం.

ఆ ఏడు జూన్‌లో ఆ పిల్లకు పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి నెత్తురు రావడం మొదలైంది. కాళ్ల మీద దోమ కుట్టినట్లు ఎర్రటి చుక్కలు లేచాయి. మేడ మెట్లు ఎక్కితే ఆయాసం. వూళ్లో ఆర్.ఎం.పి. గారు రక్తం తక్కువని టానిక్కు రాసి ఇచ్చారు. పదిహేను రోజులు తాగినా గుణం కనిపించలేదు. మిర్యాలగూడలో రక్త పరీక్ష చేయిస్తే హెమోగ్లోబిన్ 5, ప్లేట్‌లెట్లు 9 వేలు, తెల్ల కణాలూ తక్కువే. డెంగీ జ్వరాల పుణ్యమా అని ప్లేట్‌లెట్ అనే మాట ఇప్పుడు పల్లెల్లో పిల్లవాడికి కూడా తెలుసు. లక్షన్నర వుండవలసినవి 9 వేలున్నాయంటే ఆ తల్లిదండ్రులు ఆ రాత్రికి రాత్రే హైదరాబాద్ బయలుదేరారు.

అక్కడ డాక్టర్లు ముందుగా చెప్పిన మాట 'మూలుగ పరీక్ష'. ఆ మాట వినగానే తల్లి ఏడ్పు అందుకుంది. పెద్ద ఆపరేషన్ అనుకుంది. తీరా చూస్తే అది అరగంట పని. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టి, నడుము కింద తుంటి ఎముక మీద తిమ్మిరి మందు ఇచ్చి, సన్నటి గట్టి సూదితో కొద్దిగా మూలుగ లాగారు. ఇంకో సూదితో అగ్గిపుల్లంత ఎముక ముక్క తీశారు. లాగే ఆ రెండు మూడు క్షణాలు మాత్రం కాలి దాకా గుంజినట్లు నొప్పి పుట్టిందని ఆ పిల్ల చెప్పింది. ప్లేట్‌లెట్లు తక్కువ కాబట్టి రక్తం ఆగడానికి ఆ చోటు వత్తిపట్టి, వెల్లకిలా చాలాసేపు పడుకోబెట్టారు. మూలుగ తీసినందుకు పక్క ఇవ్వలేదు, రాత్రి వుంచలేదు. రక్తం ఎక్కించి మరుసటి మధ్యాహ్నానికి పంపారు.

వారం తర్వాత ఫలితం వచ్చింది. మూలుగ ఎండిపోయింది. దీనికి డాక్టర్లు అప్లాస్టిక్ ఎనీమియా అని పేరు చెప్పారు. ఇది కేన్సర్ కాదు, అంటువ్యాధి కాదు. కాని చూస్తూ వూరుకుంటే కేన్సర్ కన్నా తక్కువదేమీ కాదు.

నారుమడి వంటిది

ఆదివారం పూట మాంసం వండిన యింట్లో మూలుగ బొక్క కోసం పిల్లలు పోట్లాడుకోవడం తెలియనిది ఎవరికి? కంచానికి కొట్టి, నోటితో జుర్రుకునే ఆ మెత్తటి పదార్థమే మూలుగ. మనిషి ఎముకల్లోనూ వుంటుంది. పెద్దవాళ్లలో కాళ్లు చేతుల పొడుగాటి ఎముకల్లో ఎక్కువ భాగం పచ్చటి కొవ్వు మూలుగ. రక్తం తయారయ్యే ఎర్ర మూలుగ తుంటి ఎముకలో, రొమ్ము ఎముకలో, పక్కటెముకల్లో, వెన్నుపూసల్లో ఎక్కువ. ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ ఇక్కడే పుడతాయి. వీటన్నిటికీ మూలమైన కణాలు కొన్ని వుంటాయి. అవి తాము పెరుగుతూనే మిగతావాటిని పుట్టిస్తాయి.

మన రైతులకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఇదొక నారుమడి. ఆ పిల్ల వంట్లో నారుమడి ఎండిపోయింది. ఎక్కించే రక్తం పక్క పొలం నుంచి కోసి తెచ్చిన పైరు లాంటిది. నాలుగు రోజులు పచ్చగా వుంటుంది, వేరు తొడగదు. కావలసింది నారు. ఆ నారు ఇంకొకరి మడి నుంచి తేవాలి. మనం తీసేది నారు కాబట్టి ఇచ్చినవారి మడి ఖాళీ కాదు, నాలుగు నుంచి ఆరు వారాల్లో మళ్లీ నిండుతుంది.

అయితే ఎవరి నారు పడితే వారిది పనికి రాదు. కణాల మీద వుండే గుర్తులు కలవాలి. ఆ గుర్తుల్లో సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి. అందువల్ల తోడబుట్టిన ఒక్కొక్కరితో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. రక్తం గ్రూపు కలవకపోయినా ఫరవాలేదు, ఈ గుర్తులు కలవాలి. పెళ్లయిన అక్కకు కలవలేదు. అన్నకు పూర్తిగా కలిసింది. ఆగస్టు రెండవ వారంలో ఆ కాగితం చేతికి వచ్చినప్పుడు యింటిల్లిపాదీ దేవుడికి దండం పెట్టుకున్నారు. అసలు తంటా మొదలయింది ఆ తర్వాతనే.

"ఎకరం రాసియ్యండి"

కబురు తెలిసి అన్న అత్తగారి వూరి నుంచి మామ దిగబడ్డాడు. ఆయన మనిషి చెడ్డవాడు కాదు. బిడ్డను ఇచ్చి ఏడాది తిరగలేదు, అల్లుడి నడుం పోతే బిడ్డ బతుకేమిటన్నది ఆయన భయం. "ముందుగాల ఎకరం నా బిడ్డ పేర రాసియ్యండి బావా, తర్వాత మీ యిష్టం" అని వియ్యంకుడి ముఖం మీదనే అన్నాడు. ఇవతలి తండ్రికి కోపం వచ్చింది. మాటా మాటా పెరిగింది. కోడలిని పుట్టింటికి తీసుకుపోయారు. పెద్దమనుషులు కూర్చున్నారు, లేచారు. వాళ్లలో ఒకాయన ఆ అబ్బాయికి మూలుగ వెన్నుపూసలో నుంచి తీస్తారని అందరి ముందూ చెప్పాడు. ఆ అబ్బాయి కూడా కొంత జంకాడు. చెల్లె కోసం ప్రాణమిస్తానన్న మనిషే, కాళ్లు పడిపోతాయంటే మెత్తబడ్డాడు. తప్పు పట్టవలసిన పని లేదు. మూలుగ వెన్నులో నుంచే తీస్తారని ఈ విలేఖరి కూడా అప్పటిదాకా అనుకుంటూ వున్నాడు.

ఈ లోపల పిల్లకు జ్వరం తగిలింది. తెల్ల కణాలు లేని వంట్లో జ్వరమంటే చిన్న విషయం కాదు. పదకొండు రోజులు ఆసుపత్రిలో వుంచారు. సీసాల మీద సీసాలు రక్తం, ప్లేట్‌లెట్లు ఎక్కించారు. ఎంత ఎక్కువమంది రక్తం ఎక్కితే, ఆ తర్వాత పెట్టిన మూలుగను వొళ్లు తోసివేసే ప్రమాదం అంత పెరుగుతుందని డాక్టరుగారు తండ్రితో గట్టిగానే చెప్పారు. ఆలస్యానికి డబ్బు ఒక్కటే కాదు ఖర్చు.

పట్నం దారి, ఆసుపత్రి పద్ధతులు కొంత తెలిసినవాడినని ఆ కుటుంబం వారు ఈ విలేఖరిని తోడు రమ్మన్నారు. మామగారిని కూడా ఎలాగో ఒప్పించి బస్సెక్కించాం. బస్సులో నాలుగు గంటలూ ఆయన అల్లుడితో ఒక్క మాట మాట్లాడలేదు.

వెన్నులో కాదు

ఆసుపత్రిలో డాక్టరుగారు ఓపికగా కూర్చోబెట్టి చెప్పిన సంగతులు వూరివారందరికీ పనికివస్తాయి గనుక వివరంగా రాస్తున్నాను.

మూలుగ తీసేది వెన్నుపూసలో నుంచి కాదు. నడుము కింద, పిరుదుల పైన రెండు వైపులా చెయ్యి పెడితే తగిలే తుంటి ఎముక వెనక అంచు నుంచి. అక్కడ వెన్నుపాము లేదు. వెన్నులో సూది అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, రక్త కేన్సర్ వచ్చిన పిల్లలకు మందు మెదడు దాకా చేరడానికి వెన్నులో సూది వేస్తారు. కాన్పు ఆపరేషన్‌కూ నడుములో సూది వేసి కింది భాగం తిమ్మిరెక్కిస్తారు. ఆ తర్వాత ఎప్పుడు నడుం నొప్పి వచ్చినా ఆడవాళ్లు ఆ సూది మీదకే తోస్తారు. ఈ రెండూ మూడవదానితో కలిసిపోయి ఒకటే భయమయింది. మూలుగ తీసేటప్పుడు కూడా కొందరికి నడుములో తిమ్మిరి సూదే వేస్తారు, కొందరికి పూర్తి మత్తు ఇస్తారు. అది నొప్పి తెలియకుండా వేసేదే కాని, మూలుగ అక్కడి నుంచి రాదు.

పిల్లలు పుట్టరన్న మాటకూ మూలం వుంది. మూలుగ పుచ్చుకునే రోగికి ముందుగా ఘాటైన మందులు ఇస్తారు. వాటివల్ల కొందరికి సంతానం విషయంలో చిక్కు రావచ్చు. దాతకు ఆ మందులు ఇవ్వరు. రోగి సంగతిని దాతకు అంటగట్టారన్న మాట.

మామగారు అన్నీ విన్నాడు, తల వూపాడు, కాని నమ్మినట్లు కనిపించలేదు. నమ్మించింది డాక్టరుగారు కాదు. మధ్యాహ్నం వరండాలో బెంచీ మీద వేరే జిల్లా నుంచి వచ్చిన ఒక మనిషి టీ తాగుతూ కూర్చున్నాడు. ఆ పొద్దునే తమ్ముడికి మూలుగ ఇచ్చాడట. మామగారు దగ్గరకు పోయి, "ఏమన్నా అనుకోకు అన్నా, జర లేసి నడుస్తవా" అని అడిగాడు. అతను నవ్వి, నడుం మీద ఒక చెయ్యి వేసుకుని లేచి, వరండా ఆ కొస దాకా పోయి వచ్చాడు. మామగారు ఇంక ఎకరం మాట ఎత్తలేదు.

ఆ రోజు జరిగింది

అక్టోబర్ రెండవ వారంలో రోజు పెట్టారు. అంతకు ముందే అన్నకు రక్త పరీక్షలు, కామెర్ల వైరస్, ఎయిడ్స్ పరీక్షలు, గుండె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే అయ్యాయి. మత్తు డాక్టరు విడిగా చూసి సరేనన్నారు. ముందు రోజు రాత్రి తిన్నదే తిండి, అర్ధరాత్రి తర్వాత ఏమీ తినవద్దన్నారు.

పొద్దున ఎనిమిదిన్నరకు లోపలికి తీసుకుపోయారు. మత్తు ఇచ్చి బోర్లా పడుకోబెట్టి, ఇద్దరు డాక్టర్లు చెరొక వైపు నిలబడి తీశారు. సూది లావుగా వుంటుంది. ఒక్కసారికి 5 మిల్లీలీటర్లకు మించి లాగరు. ఎక్కువ లాగితే మూలుగకు బదులు మామూలు రక్తం వచ్చి కలుస్తుంది. అందుకని సూదిని ఎముకలో కొంచెం కొంచెం జరుపుతూ మళ్లీ మళ్లీ లాగాలి. ఆ అబ్బాయి దగ్గర తీసింది 700 మిల్లీలీటర్లు. అంటే లెక్కకు 140 సార్లు. ఈ సంఖ్య విని భయపడవలసిన పని లేదు. చర్మం మీద గాట్లు మాత్రం వైపుకు రెండేసి, సూది మొన పట్టేంతవి. కుట్లు పడలేదు. వాటిలో నుంచే సూది పక్కలకు తిరుగుతుంది.

ఎంత తీయాలన్నదానికి హద్దు వుంది. దాత బరువులో కిలోకు 20 మిల్లీలీటర్లు దాటకూడదు. ఇతని బరువు 62 కిలోలు, అంటే 1,240 దాకా తీయవచ్చు. చెల్లెలి బరువు 43 కిలోలే కాబట్టి 700తో సరిపోయింది. తీసినదాన్ని గడ్డ కట్టకుండా మందు కలిపి, ఎముక నలుసులు, కొవ్వు పోయేట్లు వడగట్టి సంచిలో నింపారు.

పదిన్నరకు బయటకు తెచ్చారు. గంటసేపు మగతగా వున్నాడు. ఒకసారి వాంతి అయింది. తర్వాత నీళ్లు, ఆ పైన రెండు ఇడ్లీలు పెట్టారు. రక్తపోటు చూశారు, కట్టు తడిసిందేమో చూశారు, హెమోగ్లోబిన్ చూశారు. 14 వున్నది 12 అయింది, రక్తం ఎక్కించే అవసరం లేదన్నారు. మధ్యాహ్నం రెండున్నరకు తనంతట తాను లేచి మరుగుదొడ్డికి పోయి వచ్చాడు. మూత్రం సాఫీగా అవుతున్నదా, తల తిరగకుండా నడుస్తున్నాడా అని చూసుకుని సాయంత్రం ఆరు గంటలకు పంపించివేశారు. నొప్పి ఎట్లున్నదని అడిగితే, "ట్రాక్టరు మీద నుంచి జారి గెట్టు మీద కూలబడ్డట్టుంది" అన్నాడు. ట్రాక్టరు నడిపేవాళ్లకు ఇంతకన్నా చెప్పనక్కర లేదు.

రాత్రి ఎక్కడ వుండాలి

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. ఆసుపత్రిలో రాత్రి వుండనక్కర లేదంటే, అదే రాత్రి బస్సెక్కి వూరికి రావచ్చని అర్థం కాదు. నాలుగు గంటల బస్సు ప్రయాణం, గుంతల రోడ్డు, చీకట్లో కట్టు తడిస్తే చూసే దిక్కు వుండదు. మత్తు దిగినా ఆ పూటంతా మనిషి తూలుతాడు. డాక్టరుగారు పెట్టిన షరతులు రెండు. తెల్లవారేదాకా పక్కన ఒక మనిషి వుండాలి, ఆసుపత్రికి దగ్గరలో పడుకోవాలి. ఆ అబ్బాయి హయత్‌నగర్‌లో మేనమామ గదిలో ఆ రాత్రి పడుకుని, మరునాడు డాక్టరుగారికి చూపించుకుని మధ్యాహ్నం బస్సుకు వచ్చాడు. తోడు వున్నది మామగారే.

అందరినీ సాయంత్రానికే పంపరు. వాంతులు ఆగకపోయినా, హెమోగ్లోబిన్ బాగా పడిపోయినా, నొప్పి బిళ్లలకు లొంగకపోయినా, తోడు మనిషి లేకపోయినా ఆ రాత్రికి వుంచుతారు. దాత చిన్న పిల్లవాడైతే వుంచడమే మేలనుకునే డాక్టర్లు వున్నారు. కొన్ని ఆసుపత్రుల్లో ఎవరినైనా ఒక రాత్రి వుంచడమే పద్ధతి. వుంచితే ఏదో అయిందని కంగారు పడరాదు, పంపితే నిర్లక్ష్యం చేశారని అనుకోరాదు.

యింటికి వచ్చాక కట్టు ఒక రోజు తడవకుండా చూసుకున్నాడు. నొప్పికి పారాసెటమాల్ వేసుకున్నాడు. ఆస్పిరిన్ జాతి బిళ్లలు వేసుకుంటే రక్తం కారుతుంది గనుక వద్దన్నారు. మందుల షాపులో అడిగి ఏదో ఒకటి తెచ్చుకునే అలవాటు వున్నవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. నెల రోజులు ఇనుము బిళ్లలు రాశారు. జ్వరం వచ్చినా, గాటు నుంచి రక్తం ఆగకపోయినా, వాచి ఎర్రబడినా, కాలు తిమ్మిరెక్కినా వెంటనే రావాలని చెప్పారు. ఇవేవీ రాలేదు. నాలుగవ రోజు ఈ విలేఖరికి టీ హోటలు దగ్గర కనిపించాడు. మెట్టు దిగేటప్పుడు కొంచెం జాగ్రత్తగా దిగుతున్నాడు, అంతే. రెండు వారాలు బస్తాలు ఎత్తలేదు, ట్రాక్టరు ఎక్కలేదు. వరి కోతల సమయానికి పనిలో వున్నాడు.

ప్రమాదం బొత్తిగా లేదని ఈ విలేఖరి రాయడం లేదు. మత్తు అన్నాక ఎంతో కొంత వుంటుంది. గాటు చీము పట్టడం, నొప్పి వారాలపాటు తగ్గకపోవడం కొందరికి జరగవచ్చు. పెద్ద ముప్పులు అరుదు. కాళ్లు పడిపోవడం, నడుం విరగడం మాత్రం కట్టుకథలు.

ఒక లోపం చెప్పక తప్పదు. ఆ అబ్బాయి చేత సంతకం పెట్టించిన అంగీకార పత్రం ఏడు పేజీలు, మొత్తం ఇంగ్లీషు. అతను పదవ తరగతి తెలుగు మీడియం. చదవకుండానే ప్రతి పేజీ కింద తెలుగులో సంతకం చేశాడు. ఇంత చక్కగా నోటితో చెప్పగలిగిన వారు, అదే తెలుగులో ఒక కాగితం మీద వేసి ఇస్తే, ఆ కాగితం వూళ్లోకి వచ్చి రచ్చకట్ట మీద నలుగురు చదివేవారు. ఆసుపత్రుల వారు ఆలోచించవలసి వుంది.

ఎప్పటి నుంచి

మూలుగ మార్పిడికి ఆద్యుడు అమెరికా డాక్టరు డొనాల్ థామస్. ఆయన 1950 దశకంలో మొదలుపెట్టిన పనికి 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో మొదటిసారి 1983లో బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో డాక్టర్ సురేశ్ అద్వానీ చేశారు. మూడేళ్లకు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మొదలయింది. ఆ రోజుల్లో మూలుగ ఇచ్చేవారిని ముందు రోజే చేర్చుకుని, తీసిన తర్వాత కూడా రాత్రి వుంచేవారు. అప్పటి మత్తు మందులు తొందరగా దిగేవి కావు, వాంతులు ఎక్కువ. చాలామందికి ముందే వారి రక్తం తీసి దాచి, తిరిగి వారికే ఎక్కించేవారు.

తొందరగా దిగే మత్తు మందులు వచ్చాక పద్ధతి మారింది. కెనడాలో టొరంటో డాక్టర్లు మూలుగ తీసినవారిని అదే రోజు పంపిన తమ అనుభవాన్ని 1989లో వైద్య పత్రికలో ప్రచురించారు. కొన్ని జబ్బుల్లో రోగి మూలుగనే ముందుగా తీసి, గడ్డ కట్టేంత చలిలో దాచి, ఘాటైన మందులు ఇచ్చాక తిరిగి అతనికే ఎక్కిస్తారు. అటువంటి రోగులు కూడా వంట్లో సత్తువ వుంటే సాయంత్రానికి యిల్లు చేరవచ్చునని తేలింది.

ఇప్పుడు ఇంకో దారీ వుంది. నాలుగైదు రోజులు వరుసగా సూదిమందు వేస్తే మూలుగలోని మూల కణాలు రక్తంలోకి వస్తాయి. ఒక చేతి నుంచి రక్తాన్ని యంత్రంలోకి పంపి, ఆ కణాలను పట్టుకుని, మిగతా రక్తాన్ని రెండో చేతికి తిరిగి ఇస్తారు. నాలుగైదు గంటల పని. మత్తు లేదు, ఎముకలో సూది లేదు. ఆ సూదిమందు రోజుల్లో జ్వరమొచ్చినట్లు వొళ్లు నొప్పులు వుంటాయి. నేడు ఎక్కువ చోట్ల ఎక్కువమందికి ఇదే పద్ధతి. మరి ఈ అబ్బాయికి అలా ఎందుకు చేయలేదంటే, అప్లాస్టిక్ ఎనీమియా, తలసీమియా వంటి జబ్బుల్లో ఎముక నుంచి తీసిన మూలుగే రోగికి మేలు. రక్తం నుంచి తీసినదానిలో దాత తెల్ల కణాలు ఎక్కువగా వుండి, అవి రోగి చర్మం, పేగులు, కాలేయం మీద తిరగబడే ప్రమాదం హెచ్చు.

తోడబుట్టినవారు కలవకపోతే దారి మూసుకుపోదు. సగం కలిసిన తల్లి, తండ్రి మూలుగతో చేసే పద్ధతి వచ్చింది. ఎవరికైనా ఇస్తామని పేరు రాయించుకున్నవారి పట్టికలూ వున్నాయి. చెన్నైలో 2009లో మొదలైన 'దాత్రి' అటువంటిదే. ఖర్చు విషయం ఆసుపత్రిలో వుండే ఆరోగ్యమిత్రను మొదటి రోజే అడగాలి. డబ్బు కట్టేశాక అడిగితే లాభం లేదు.

తీసుకున్న పిల్ల సంగతి

ఇచ్చినవాడికి ఒక పగలు. తీసుకున్న పిల్లకు మాత్రం అయిదు వారాలు. గాలి కూడా వడగట్టి వచ్చే గదిలో వుంచారు. మూలుగ ఎక్కించేటప్పుడు తల్లి అద్దంలో నుంచి చూసింది. ఆపరేషన్ చేసి ఎముకలో పోస్తారనుకున్నదట. మామూలు రక్తం సీసా మాదిరే నరంలోకి ఎక్కించారు. ఆ కణాలు రక్తంలో తిరిగి తిరిగి తమ చోటు తామే వెతుక్కుని ఎముకలోకి చేరతాయి. నారు కట్ట గట్టు మీద పడేస్తే దానంతట అదే మడిలోకి పోయి నాటుకున్నట్లు. పద్దెనిమిదవ రోజున తెల్ల కణాలు లేవడం మొదలయిందని ఫోను వచ్చింది. ఆ సాయంత్రం మామగారే వూళ్లో లడ్డూలు పంచాడు.

ఇప్పటికి ఎనిమిది నెలలు. పిల్ల యింటి దగ్గరే వుంది. ముఖానికి గుడ్డ కట్టుకుని తిరుగుతున్నది. బయటి తిండి తినడం లేదు. పదిహేను రోజులకొకసారి హైదరాబాద్ పోయి చూపించుకుంటున్నది. ఒకసారి చర్మం మీద దద్దులు వచ్చి మందు పెంచారు. ప్లేట్‌లెట్లు లక్ష దాటాయి. రక్తం ఎక్కించుకుని అయిదు నెలలయింది. చిన్నప్పుడు వేయించిన టీకాలు పోయినట్లే కాబట్టి అన్నీ మొదటి నుంచీ వేయాలన్నారు. వూరి నర్సమ్మ ఏ కార్డు మీద రాయాలో తెలియక పసిపిల్లల కార్డు ఒకటి తెచ్చి పెట్టింది.

ఈ విద్యా సంవత్సరం కాలేజీకి పోతానని పట్టుబడుతున్నది. అక్కడ ఒక చిక్కు వచ్చింది. పాత గుర్తింపు కార్డులో రక్తం గ్రూపు బి పాజిటివ్ అని వుంది. అన్నది ఓ పాజిటివ్. మూలుగ అన్నది కాబట్టి చెల్లె రక్తం కూడా ఓ అయింది. కార్డు మార్చమని పోతే, పుట్టిన గ్రూపు ఎట్లా మారుతుందమ్మా అని గుమాస్తా కాగితం తిరిగి ఇచ్చివేశాడు. ఆసుపత్రి ధ్రువపత్రం కోసం అన్న వచ్చే సోమవారం హైదరాబాద్ పోతున్నాడు.